ఊపిరి ఒప్పుకున్నంత తొందరగా ఎముక ఒప్పుకోదు: రెండు మారథాన్ల నడుమ వారపు కిలోమీటర్లు పెంచడం

ఒక మారథాన్‌కూ తర్వాతి మారథాన్‌కూ మధ్య ఎనిమిది నెలలు ఉన్నాయనుకుందాం. రేసు తర్వాత కోలుకోవడానికి మూడు వారాలు పోతాయి. చాలామంది పట్టుకునే ట్రైనింగ్ ప్లాన్ 16 వారాలది. ఇవి తీసేస్తే చేతిలో సుమారు 15 వారాలు మిగులుతాయి. ఆ 15 వారాల్లో ఏం చేయాలో చాలా ప్లాన్లు చెప్పవు. అందుకే కొందరు ఆ రోజుల్లో పరుగు దాదాపు మానేస్తారు. ఇంకొందరు బుద్ధి పుట్టినప్పుడు పరుగెత్తుతారు, ఓపిక ఉన్న రోజు బాగా లాగిస్తారు. తీరా ప్లాన్ మొదలయ్యే రోజుకు దాని మొదటి వారం 48 కిలోమీటర్లు అడుగుతుంది, ఒంటికేమో 25 మాత్రమే అలవాటై ఉంటుంది.

అసలు చిక్కు అక్కడే వస్తుంది. మారథాన్ ప్లాన్‌లో మూడు విషయాలు ఒకేసారి పెరుగుతాయి. వారం మొత్తం దూరం పెరుగుతుంది, వారాంతంలో చేసే లాంగ్ రన్ పెరుగుతుంది, టెంపో (కాస్త కష్టమైన వేగంలో నిలకడగా పరుగు), ఇంటర్వల్స్ (మధ్యలో విరామాలతో వేగపు పరుగులు) పేరుతో వేగం కూడా పెరుగుతుంది. మూడూ కలిసి పెరుగుతున్నప్పుడు కాలు నొప్పి పెడితే ఏది తగ్గించాలో తెలియదు. పైగా రేసు తేదీ దగ్గరపడుతున్న కొద్దీ టెన్షన్ పెరిగి ఏదీ తగ్గించబుద్ధి కాదు. ఈ మూడింటిలో వారం దూరాన్ని ప్లాన్ బయటికి తెచ్చి, తేదీ తొందర లేని ఆ 15 వారాల్లో పెంచుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం.

నమ్మకం ఊరికే రాలేదు. రెండో మారథాన్ కోసం నేను ఐదు వారాల్లో వారానికి 30 కిలోమీటర్ల నుంచి 60కి వెళ్లాను. నాలుగో వారానికి ఊపిరి హాయిగా ఆడేది. అదే వేగంలో గుండె నిమిషానికి పది సార్లు తక్కువ కొట్టుకునేది. ఇంత బాగుంటే ఇంకా పెంచవచ్చనుకున్నాను. ఆరో వారంలో ఎడమ మోకాలి కింద, ముందువైపు ఎముక మీద, వేలితో చూపించగలిగేంత చిన్న చోట నొప్పి మొదలైంది. ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. ఏమీ లేదన్నారు కదా అని మరో పది రోజులు పరుగెత్తాను. తర్వాత ఎమ్‌ఆర్‌ఐలో స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే పదేపదే పడిన భారంతో ఎముకలో వచ్చే సన్నటి పగులు, అని తేలింది. పగులు తొలి వారాల్లో ఎక్స్‌రేకు చిక్కకపోవడం మామూలేనని అప్పటికి నాకు తెలియదు. ఆ ఏడు రేసు పోయింది. నా ఊపిరి నాకు అబద్ధం చెప్పలేదు, అది నిజంగానే మెరుగైంది. నేను ఊపిరిని మాత్రమే అడిగి, ఎముకను అడగలేదు.

ఒంట్లో నడిచే మూడు గడియారాలు

పరుగు పెంచినప్పుడు శరీరంలో అన్నీ ఒకే వేగంతో మారవు. అన్నిటికంటే ముందు మారేది రక్తం. ఎక్కువ పరుగెత్తడం మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే రక్తంలోని నీటి భాగం, అంటే ప్లాస్మా, పెరుగుతుంది. గుండె ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తం పంపగలుగుతుంది, అందుకే గుండె వేగం తగ్గుతుంది. వాచీలో కనబడే తొలి శుభవార్త ఇదే.

తర్వాతి గడియారం కండరాలది. కండర కణాల్లో ప్రాణవాయువును వాడుకుని శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా కొన్ని వారాల్లో పెరుగుతాయి. 1967లో జాన్ హాలోషీ అనే శాస్త్రవేత్త ఎలుకల్ని ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి, వాటి కాలి కండరాల్లో ఈ సామర్థ్యం దాదాపు రెట్టింపవుతుందని చూపించారు. కండరాల చుట్టూ సన్నటి రక్తనాళాలు కూడా పెరుగుతాయి. కొవ్వును ఇంధనంగా వాడుకునే నేర్పు వస్తుంది. 42.195 కిలోమీటర్ల పరుగులో దాదాపు మొత్తం శక్తి ప్రాణవాయువు సాయంతోనే తయారవుతుంది కాబట్టి మారథాన్‌కు ఇవన్నీ పునాది. నెమ్మదిగా, ఎక్కువసేపు పరుగెత్తితే ఈ పునాది బలపడుతుంది. వారం దూరం గురించి ఇంత పట్టింపు ఎందుకంటే ఇందుకే.

మూడో గడియారం ఎముకలది, కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే టెండాన్లది. ఇది నెలల మీద నడుస్తుంది. టెండాన్‌కు రక్త సరఫరా తక్కువ, కాబట్టి దాని మార్పు నిదానం. ఎముక కథ ఇంకా చిత్రమైనది. ఎముక మీద కొత్త భారం పడగానే అది నేరుగా గట్టిపడదు. ముందు పాత ఎముకను కొన్ని కణాలు తవ్వేస్తాయి, దానికి సుమారు మూడు వారాలు పడుతుంది. తర్వాత వేరే కణాలు వచ్చి ఆ గుంతల్లో కొత్త ఎముకను నింపుతాయి, దానికి దాదాపు మూడు నెలలు. రోడ్డు బాగుచేయడానికి ముందు దాన్ని తవ్విపోసినట్టన్నమాట. తవ్వకం అయ్యి పూడ్చడం ఇంకా పూర్తికాని రోజుల్లో ఆ రోడ్డు మునుపటికంటే బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే, అంటే నాలుగో వారం నుంచి ఎనిమిదో వారం మధ్య, మొదటి రెండు గడియారాలు మనకు పచ్చజెండా ఊపుతుంటాయి. ఊపిరి బాగుంది, కండరాలు బాగున్నాయి, ఇంకో పది కిలోమీటర్లు వేద్దామనిపిస్తుంది. నేను చేసిన తప్పు ఇదే, ఇప్పటికీ చాలామంది చేస్తున్నదీ ఇదే.

16 వారాల ప్లాన్‌లో ఎముక గడియారం కోసం ఆగే వెసులుబాటు ఉండదు. రెండు ప్లాన్ల నడుమ ఉంటుంది.

పది శాతం సూత్రం ఎంతవరకు నిలుస్తుంది?

వారానికి పది శాతం కంటే ఎక్కువ పెంచకూడదన్న మాట పరుగెత్తేవాళ్లందరికీ తెలుసు. వినడానికి జాగ్రత్తగా, తెలివిగా ఉంటుంది. కానీ ఓసారి లెక్క వేసి చూడండి. వారానికి 30 కిలోమీటర్ల దగ్గర మొదలుపెట్టి ప్రతి వారం పది శాతం చొప్పున పెంచితే 12 వారాల తర్వాత 94 కిలోమీటర్లు అవుతుంది. చక్రవడ్డీ లెక్క ఇది. సూత్రాన్ని ఒక్క వారం కూడా తప్పని మనిషి కూడా మూడు నెలల్లో మూడింతలకు చేరుతాడు. అదే సూత్రం వారానికి 10 కిలోమీటర్లు పరుగెత్తే మనిషికి ఒక్క కిలోమీటరు మించి పెంచొద్దంటుంది, అక్కడేమో అంత బిగింపు అక్కర్లేదు.

దీన్ని నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో పరీక్షించి చూశారు, ఫలితాలు 2008లో వచ్చాయి. కొత్తగా పరుగు మొదలుపెట్టిన 532 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపు పది శాతం సూత్రం ప్రకారం 13 వారాలపాటు నెమ్మదిగా పెంచుకుంటూ వెళ్లింది. రెండో గుంపు ఎనిమిది వారాల మామూలు ప్లాన్ పాటించింది. మొదటి గుంపులో 20.8 శాతం మందికి, రెండో గుంపులో 20.3 శాతం మందికి గాయాలయ్యాయి. తేడా లేదు. అంటే ఇష్టమొచ్చినట్టు పెంచవచ్చని కాదు. 2014లో వచ్చిన ఒక డానిష్ అధ్యయనంలో 874 మంది కొత్త రన్నర్లను గమనించారు. రెండు వారాల వ్యవధిలో దూరాన్ని 30 శాతానికి మించి పెంచినవాళ్లకు, పది శాతంలోపు పెంచినవాళ్లకంటే కొన్ని రకాల గాయాలు ఎక్కువగా కనబడ్డాయి. హద్దు ఉంది, అది పది దగ్గర గీత గీసినట్టు లేదంతే.

నా ఆలోచనను నిజంగా మార్చింది 2025లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో వచ్చిన పెద్ద అధ్యయనం. జీపీఎస్ వాచీలు వాడే 5,205 మంది పరుగుల్ని ఏడాదిన్నర పాటు నమోదు చేశారు. ఒక వారం నుంచి ఇంకో వారానికి దూరం ఎంత పెరిగిందన్న దానికీ గాయాలకూ మనం అనుకునే సంబంధం అందులో కనబడలేదు. కనబడింది వేరే. గత 30 రోజుల్లో చేసిన అన్నిటికంటే పొడవైన పరుగును, ఆరోజు చేసిన ఒక్క పరుగు ఎంత దాటిందన్నదే ముఖ్యమైంది. పది నుంచి 30 శాతం దాకా దాటితే గాయాల రేటు 64 శాతం ఎక్కువ, దానికి రెట్టింపును మించితే 128 శాతం ఎక్కువ. ఇది జనాన్ని దూరం నుంచి గమనించిన అధ్యయనం, గాయాల సంగతి వాళ్లు చెప్పుకున్నదే, కాబట్టి దీన్ని వేదవాక్కుగా పట్టుకోనక్కర్లేదు. కానీ పరుగెత్తేవాళ్ల అనుభవానికి ఇది దగ్గరగా ఉంది. వారమంతా పనుల్లో పడి పరుగు మానేసి, ఆ బాకీ మొత్తం ఒక్క ఆదివారం తీర్చేయాలని 22 కిలోమీటర్లు లాగినవాళ్లే ఎక్కువగా దెబ్బతింటారు. వారం మొత్తం కాగితం మీద మామూలుగానే ఉంటుంది. ఆ ఒక్క రోజే మామూలుగా ఉండదు.

ఈ మూడు గడియారాల సంగతి, ఈ ఒక్క రోజు సంగతి కలిపి చూస్తే దారి చాలావరకు తేటపడుతుంది. వారం దూరాన్ని ఏ ఒక్క రోజూ పెద్దది కాకుండా పెంచాలి. పెంచాక ఎముక అందుకునేదాకా అక్కడే ఆగాలి.

ముందు రోజులు, తర్వాత కిలోమీటర్లు

వారానికి నాలుగు రోజులు, 35 కిలోమీటర్లు, అందులో పొడవైన పరుగు 12 కిలోమీటర్లు చేసే మనిషిని తీసుకుందాం. చాలామంది వెంటనే ఆ 12ని 15 చేస్తారు. అంతకంటే మేలైన పని, దూరాన్ని దాదాపు అలాగే ఉంచి ఐదో రోజు కలపడం. ఉన్న పరుగుల్లోంచి ఓ కిలోమీటరు అటూ ఇటూ తీసి, ఐదో రోజు పాతిక నిమిషాల చిన్న పరుగు పెట్టుకోవాలి. మొత్తం 36 అవుతుంది. ఇంత చిన్న పరుగు వల్ల ఏమొస్తుందని అనిపిస్తుంది. వచ్చేది పెంచడానికి చోటు. తర్వాతి నెలల్లో కలిపే ప్రతి కిలోమీటరూ నాలుగు రోజుల మీద కాకుండా ఐదు రోజుల మీద పరుచుకుంటుంది.

ఎముకకు కూడా ఇదే నచ్చుతుంది. అలెగ్జాండర్ రాబ్లింగ్ బృందం ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో ఒక విషయం తేలింది. ఎముకలో ఉండే కణాలు భారం పడిన కొద్దిసేపటికే స్పందించడం తగ్గించేస్తాయి, మళ్లీ పూర్తిగా స్పందించడానికి వాటికి కొన్ని గంటల విరామం కావాలి. ఒకే పొడవైన పరుగులో చివరి గంట ఎముకకు దెబ్బలు తప్ప కొత్త సందేశమేమీ ఇవ్వకపోవచ్చు. అదే దూరాన్ని రెండుగా విడగొడితే సందేశం రెండుసార్లు అందుతుంది. వారానికి ఆరు రోజులు పరుగెత్తుతూ ఇంకా పెంచాలనుకునేవాళ్లు ఒక రోజు పొద్దునా సాయంత్రం రెండు చిన్న పరుగులు చేయడం వెనక ఉన్న తర్కం ఇదే.

ఇక పెంచడం. అమెరికన్ కోచ్ జాక్ డేనియల్స్ పద్ధతి నాకు బాగా నచ్చుతుంది. వారానికి ఎన్నిసార్లు పరుగెత్తుతారో అన్ని మైళ్లకు మించి ఒకసారి పెంచకూడదు, పెంచాక కనీసం మూడు నాలుగు వారాలు అదే దూరంలో ఉండాలి అంటారాయన. మెట్టు ఎక్కి, మెట్టు మీద కూర్చుని, అప్పుడు ఇంకో మెట్టు. ఐదు రోజులు పరుగెత్తే మన మనిషికి ఇది ఎనిమిది కిలోమీటర్ల దాకా వీలిస్తుంది, కానీ ఆరుతో సరిపెట్టుకోవచ్చు. మొదటి మూడు వారాలు 36 కిలోమీటర్లు. నాలుగో వారం 30కి దిగుతాడు. తర్వాతి మూడు వారాలు 42, ఎనిమిదో వారం 33. మళ్లీ మూడు వారాలు 48, పన్నెండో వారం 38. చివరి మూడు వారాలు 54. పదిహేను వారాలు సరిగ్గా సరిపోయాయి. ఒక వారం నుంచి ఇంకో వారానికి చూస్తే 30 నుంచి 42కి ఎగిరినట్టుంది, పది శాతం సూత్రం చూస్తే కళ్లెర్ర చేస్తుంది. కానీ అంతకుముందు మూడు వారాలూ 36 చేసిన ఒళ్లది. ఐదు పరుగుల్లో ఒక్కోదానికి కిలోమీటరు పైచిలుకు కలిసింది, అంతే.

లాంగ్ రన్ ఈ కాలమంతా 12 నుంచి 16 దాకా ఒక్కో కిలోమీటరు చొప్పున జరుగుతుంది. వారం మొత్తంలో అది మూడో వంతుకు మించదు, గత నెలలో చేసిన పొడవైన పరుగును ఎప్పుడూ పది శాతం దాటదు. 25, 28 కిలోమీటర్ల పరుగులు ఇప్పుడు చేయాల్సిన పని లేదు. వాటి కాలం ప్లాన్‌లో వస్తుంది.

తగ్గించే వారాలను మానేయాలని చాలామందికి ఉంటుంది, ఎందుకంటే నాలుగో వారానికి ఒంట్లో బాగానే ఉంటుంది. బాగున్నప్పుడు దిగడమే దాని ప్రయోజనం. అలసిపోయాక దిగితే అది కోలుకోవడం అవుతుంది, అలసిపోకముందే దిగితే గట్టిపడడానికి సమయం దొరుకుతుంది.

మధ్యలో జ్వరం వచ్చి వారం పోయిందనుకోండి. పోయిన కిలోమీటర్లు పోయినట్టే, వాటిని తిరిగి కట్టనక్కర్లేదు. కిందటి మెట్టు మీద ఓ వారం ఉండి ముందుకు సాగితే చాలు. పరుగు ఆపితే ఫిట్‌నెస్ అంతా పోతుందన్న భయం నిజానికంటే పెద్దది. 1984లో ఎడ్వర్డ్ కాయిల్ బృందం బాగా శిక్షణ పొందినవాళ్లతో వ్యాయామం పూర్తిగా మాన్పించి కొలిచింది. ప్రాణవాయువును వాడుకునే గరిష్ఠ సామర్థ్యం మూడు వారాల్లో తగ్గింది ఏడు శాతమే. అందుకే మారథాన్ అయిన వెంటనే రెండు వారాలు నడక, నిద్ర, తిండి తప్ప ఏమీ చేయకపోయినా పెద్దగా పోయేదేమీ లేదు. రేసులో దెబ్బతిన్న కండర కణాలు మాత్రం నొప్పి తగ్గినంత త్వరగా మానవు. 15 వారాల లెక్క మొదట్లో చెప్పిన ఆ మూడు వారాల తర్వాతే మొదలవ్వాలి.

మీ కిలోమీటరు, వాళ్ల కిలోమీటరు

దూరం పెంచమన్న మాటకు చరిత్రలో పెద్ద దిక్కు న్యూజిలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్. ఎంత దూరం ఎక్కువ, ఎంత తక్కువ అని ఆయన ఏళ్లపాటు తన ఒంటి మీదే ప్రయోగాలు చేసుకుని, చివరికి వారానికి వంద మైళ్లు, అంటే 160 కిలోమీటర్ల దగ్గర నిలిచారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆయన శిష్యులు పీటర్ స్నెల్ 800 మీటర్లలో, ముర్రే హాల్‌బర్గ్ 5,000 మీటర్లలో ఒకే రోజు స్వర్ణాలు గెలిచారు. ఇథియోపియాకు చెందిన అబెబె బికిలా చెప్పుల్లేకుండా పరుగెత్తి గెలిచిన మారథాన్‌లో ఆయన మరో శిష్యుడు బారీ మగీకి కాంస్యం వచ్చింది. ట్రాక్ మీద రెండు చుట్లే పరుగెత్తే స్నెల్ కూడా నెలల తరబడి కొండ దారుల్లో దూరాలు పరుగెత్తాడని తెలిసి అప్పట్లో చాలామంది ఆశ్చర్యపోయారు. లిడియార్డ్ పద్ధతిలో ఈ దూరాల కాలం ఎప్పుడూ రేసుల కాలానికి బాగా ముందు, విడిగా ఉండేది. రెండింటినీ ఆయన కలపలేదు. జనానికి వంద అన్న అంకె గుర్తుండిపోయింది, విడిగా అన్న మాట జారిపోయింది.

అంకె ఎందుకు ప్రమాదమో ఇంకో లెక్కతో చెబుతాను. కెన్యా మారథాన్ దిగ్గజం ఎలియుడ్ కిప్చోగె వారానికి 200 నుంచి 220 కిలోమీటర్లు పరుగెత్తేవాడు. సగటున కిలోమీటరుకు నాలుగు నిమిషాలు అనుకుంటే 210 కిలోమీటర్లకు 14 గంటలు పడుతుంది. కిలోమీటరుకు ఏడు నిమిషాలు తీసుకునే మనిషి అదే దూరం వెళ్లాలంటే 24 గంటల 30 నిమిషాలు. అడుగుల లెక్క కూడా చూడండి. నిమిషానికి 180 అడుగులు వేసేవాడికి నాలుగు నిమిషాల కిలోమీటరులో 720 అడుగులు పడతాయి. నిమిషానికి 165 అడుగులతో ఏడు నిమిషాల్లో వెళ్లేవాడికి 1,155. ప్రతి అడుగుకూ ఒంటి బరువుకు రెండింతలకు పైగా బరువు కాలి మీద పడుతుంది. వేగంగా వెళ్లేవాడి ఒక్కో అడుగు ఇంకాస్త గట్టిగానే పడుతుంది గానీ, నెమ్మదిగా వెళ్లేవాడు రోడ్డు మీద గడిపే సమయం, వేసే అడుగులు చాలా ఎక్కువ. కాబట్టి మీ ట్రైనింగ్ డైరీలో కిలోమీటర్ల పక్కన గంటలు కూడా రాయండి. వారానికి నాలుగు గంటల నుంచి ఆరు గంటలకు వెళ్లడం ఒక నిదానపు రన్నర్‌కు గొప్ప ముందడుగు. అది 50 కిలోమీటర్లే కావచ్చు, ఫరవాలేదు.

వేగం గురించి ఇక్కడే చెప్పాలి. కలిపే కిలోమీటర్లన్నీ పక్కవాళ్లతో పూర్తి వాక్యాల్లో మాట్లాడగలిగేంత నెమ్మదిగా ఉండాలి. రెండు మాటలకోసారి ఊపిరి తీసుకోవాల్సి వస్తే అది ఈజీ రన్ కాదు. ప్రపంచ స్థాయి క్రీడాకారుల శిక్షణను గమనించిన స్టీఫెన్ సైలర్, వాళ్ల సెషన్లలో సుమారు 80 శాతం తేలిక వేగంలోనే ఉంటాయని చూపించారు. మనలో చాలామంది దీనికి తలకిందులుగా, అన్ని పరుగులూ ఓ మోస్తరు కష్టంగా చేస్తాం. నాలుగు రోజులున్నప్పుడు అది చెల్లుతుంది. ఐదారు రోజులయ్యేసరికి ఆ మోస్తరు కష్టమే పోగుపడి మనిషిని కుంగదీస్తుంది. ఐదో రోజు కలిపాక కాళ్లు ఎప్పుడూ బరువుగా ఉన్నాయంటే, దూరం తగ్గించే ముందు వేగం తగ్గించి చూడండి.

అలాగని వేగాన్ని పూర్తిగా అటకెక్కించకూడదు. మూడు నాలుగు నెలలు ఒకే నిదానంలో ఉండిపోతే, ప్లాన్‌లో మొదటి ఇంటర్వల్స్ రోజున పిక్కలు, తొడ వెనక కండరాలు ఎదురుతిరుగుతాయి. వారానికి రెండుసార్లు తేలిక పరుగు చివర 20 సెకన్ల చొప్పున ఆరు చురుకైన పరుగులు, మధ్యలో బాగా ఊపిరి తీసుకుంటూ వేస్తే సరిపోతుంది. దీన్ని రన్నర్లు స్ట్రైడ్స్ అంటారు. దూరం మెట్టు ఎక్కిన వారాల్లో ఇంతకు మించి వేగం జోలికి వెళ్లొద్దు. ఒకేసారి ఒక్కటే పెంచడం అన్నదే ఈ 15 వారాల అసలు పట్టు, దాన్ని మనమే చెడగొట్టుకోకూడదు.

బలం కోసం వారానికి రెండుసార్లు స్క్వాట్స్, మడమలెత్తే వ్యాయామాలు చేసుకోవడానికి కూడా ఇదే అనువైన కాలం. షూ విషయంలో ఒక్క మాట. 264 మంది రన్నర్ల మీద జరిగిన, 2015లో ప్రచురించిన అధ్యయనంలో ఒకటి కంటే ఎక్కువ జతల షూ మార్చి మార్చి వాడినవాళ్లకు గాయాల ముప్పు 39 శాతం తక్కువగా కనబడింది. వీలుంటే రెండు జతలు పెట్టుకోండి.

తిండి, నొప్పి

పరుగులో కిలోమీటరుకు, ఒంటి బరువులో ఒక్కో కిలోకు, సుమారు ఒక కేలరీ ఖర్చవుతుంది. 60 కిలోల మనిషి వారానికి 20 కిలోమీటర్లు పెంచితే 1,200 కేలరీలు అదనంగా కావాలి. రేసు లేని కాలం కదా, దూరమూ పెంచుదాం, బరువూ తగ్గుదాం అని రెండూ కలిపి పెట్టుకునేవాళ్లను చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది. తిండి చాలని శరీరం ముందుగా పొదుపు చేసేది ఎముకను కట్టే పనిలో, హార్మోన్ల తయారీలో. తవ్విన రోడ్డును పూడ్చడానికి సామాన్లు ఉండవు. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ఈ పరిస్థితికి రెడ్-ఎస్ అని పేరు పెట్టి హెచ్చరించింది. స్త్రీలకూ పురుషులకూ ఇద్దరికీ రావచ్చు. పరుగు పెంచాక నెలసరి ఆగిపోతే దాన్ని బాగా ఫిట్ అయిన గుర్తు అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. అది డాక్టర్ దగ్గరకు వెళ్లాల్సిన గుర్తు. మామూలు వేగంలో కూడా కారణం లేకుండా నీరసం వారాల తరబడి ఉంటే ఐరన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వను చూపేది) పరీక్ష చేయించుకోవడం మంచిది.

నొప్పుల్లో అన్నీ ఒకటి కావు. కండరమంతా పరుచుకున్న పట్టేసిన నొప్పి, రెండు రోజుల్లో తగ్గేది, పెంచుతున్న కాలంలో సహజం. మడమ వెనక పొద్దున్నే మొదటి అడుగుల్లో బిగుసుకుపోయి నడిచాక వదిలితే టెండాన్ కాస్త ఆగమంటోందని అర్థం, ఆ మెట్టు మీదే ఇంకో రెండు వారాలు ఉండాలి. ఎముక మీద ఒక్క వేలితో చూపించగలిగే నొప్పి, పరుగెత్తుతున్న కొద్దీ పెరిగేది, ఒంటి కాలి మీద గెంతితే తెలిసేది, రాత్రి పడుకున్నా సలిపేది మాత్రం వేరు. అప్పుడు పరుగు ఆ రోజే ఆపాలి. ఎక్స్‌రే బాగుందన్నా నొప్పి అలాగే ఉంటే ఎమ్‌ఆర్‌ఐ గురించి డాక్టర్‌ను అడగాలి. నేను పది రోజులు ఆలస్యంగా అడిగాను.

ప్లాన్ మొదలయ్యే రోజున

మన మనిషి పదిహేనో వారం దాటాడు. మూడు వారాలుగా 54 కిలోమీటర్లు చేస్తున్నాడు, లాంగ్ రన్ 16. మూడో వారం 54 మొదటి వారం 54 కంటే తేలిగ్గా అనిపించిందా అన్నదే ఇక్కడ అడగాల్సిన ప్రశ్న. అవునంటే ఆ అంకె అతనిది. కాదంటే 48 అతనిది, ప్లాన్ దాని చుట్టూ అల్లుకోవాలి. ఒక్కసారి ముట్టుకుని వచ్చిన వారాన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

54 అతనిదే అనుకుందాం. ప్లాన్ మొదటి వారం 48తో మొదలైతే అతనికి అది దిగుడు. ఆ మిగిలిన ఓపికతో మొదటి ఇంటర్వల్స్‌ను ఎదుర్కొంటాడు. ప్లాన్‌లో అతను పెంచాల్సినవి ఇక రెండే, లాంగ్ రన్, వేగం. వారం మొత్తం మెల్లగా 62 దాకా వెళ్తే చాలు. పన్నెండో వారంలో 30 కిలోమీటర్ల లాంగ్ రన్ వచ్చేసరికి అది ఆ వారంలో సగానికి కాస్త తక్కువే. ఈ నెలలు ఊరికే పోగొట్టుకుని వారానికి 40 దగ్గరే ఉండిపోయిన మనిషికి అదే 30 కిలోమీటర్లు వారంలో ముప్పావు వంతు. ఆదివారం ఇద్దరూ దాన్ని పూర్తిచేయవచ్చు, వాచీలో ఇద్దరికీ ఒకే అంకె పడవచ్చు. తేడా మంగళవారం పొద్దున బయటపడుతుంది. ఒకరు 10 కిలోమీటర్ల ఈజీ రన్‌కు బయల్దేరతారు. ఇంకొకరు మెట్ల పక్కన గోడ పట్టుకుని దిగుతూ, గురువారానికైనా తగ్గుతుందా అని చూస్తుంటారు.